రెండు పేర్ల కోసం కుప్పం దాకా

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది కదా, "అవ్వా, నాన్న అమ్మను శైలా అని పిలుస్తాడు, ఇంటికొచ్చే కవర్ల మీదేమో రుక్మిణి అని ఉంటుంది, ఎందుకు?" అని. మీ కుప్పం అవ్వ పేరు కూడా రుక్మిణమ్మే, అందుకు బంగారూ. అత్తకీ కోడలికీ ఒకే పేరు ఉండకూడదని పెళ్ళిలో మీ అమ్మ పేరు శైలజ అని మార్చారు. జవాబు ఇంతే. కానీ ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని కెనడా వాళ్ళకు చూపించడం కోసం నేను ఒక్కదాన్నే మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్ళొచ్చాను. ఆ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. ఎప్పుడైనా మీరూ ఆ దారిన వెళ్తారేమో, వినండి.

రెండు వేల రెండో సంవత్సరం అనుకుంటాను. మీ నాన్న కుప్పంలో గ్రానైట్ రాయి కోసే మిషన్ల మీద పని నేర్చుకుని, ఆ పని మీదే కెనడా వెళ్ళి స్థిరపడ్డాడు. పెళ్ళికని వచ్చి నెల రోజులుండి, తిరిగి వెళ్ళగానే మీ అమ్మకు అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం దరఖాస్తు పెట్టాడు. మీ అమ్మ మదనపల్లెలో మా దగ్గరే ఉండి ఎదురుచూసేది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. చివరికి ఒక ఉత్తరం వచ్చింది. పాస్‌పోర్టులో, పదో తరగతి సర్టిఫికెట్లో రుక్మిణి అని ఉంది, పెళ్ళి సర్టిఫికెట్లో శైలజ అని ఉంది, ఇద్దరూ ఒకరేనని గడువులోగా చూపించకపోతే ఉన్న కాగితాలను బట్టే నిర్ణయం తీసుకుంటాం అని దాని సారాంశం.

"నేనే చెప్తాండాను కదమ్మా, నేను నేనేనని! ఇంగ ఎవురు చెప్పాల?" అని మీ అమ్మ ఏడ్చింది.

కోర్టు వీధిలో ఒక లాయరు కాగితం రాసిచ్చాడు. పిల్ల తల్లి, పిల్లవాడి తల్లి ఇద్దరూ నోటరీ ముందు సంతకం పెట్టాలి, పెళ్ళిలో పేరు మార్చినట్టు ఫొటో ఏదైనా ఉంటే ఇంకా మంచిది అన్నాడు. నా సంతకానికేం, అప్పుడే పెట్టేసేదాన్ని. భయమంతా వియ్యపురాలి గురించే. పేరు మార్చాల్సిందేనని పట్టుబట్టింది ఆమే. నిశ్చితార్థం నాడు అందరి ముందూ అంది, "మావోడు పెండ్లాన్ని రుక్మిణీ అని కేకేస్తే నేను పలకాల్నా, ఆ పిల్ల పలకాల్నా? రేపు దాన్ని తిడితే నన్ను తిట్టినట్టు ఉండదా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో పాత పేరు ఎవరూ ఎత్తకూడదని కూడా చెప్పింది. అలాంటి మనిషి, కోడలి పేరు రుక్మిణి అని రాసిన కాగితం మీద సంతకం పెడుతుందా?

వాళ్ళ పల్లెలో ఫోన్ లేదు. మీ తాతకు టమోటా మండీలో ఊపిరాడని సీజను. నేనే బయలుదేరాను.

పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. చలికాలం, శాలువా కప్పుకున్నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మీ అమ్మ చిత్రాన్నం డబ్బా కిటికీలోంచి అందించి, "అత్తమ్మ కోప్పడితే మాట్లాడొద్దు, వచ్చేయి" అంది. పుంగనూరు దారిలో రెండు వైపులా చింతచెట్లు. టమోటా బాక్సుల లారీలు మాకు ఎదురొస్తున్నాయి. పక్కన కూర్చున్నాయన నా ఒళ్ళో ఫైలు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా, భూమి తగాదానా?"

"లేదప్పా, పేరు తగాదా" అని సంగతంతా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. బస్సులో మనసు తేలికవుతుంది.

"ఓస్ ఇంతేనా! మా ఊర్లో ఓటర్ల లిస్టులో నన్ను ఆడదాన్ని చేసినారు. మూడు ఎలక్షన్లు అట్లే ఓటేసినా. మీ కెనడా వోళ్ళకి పనీపాటా లేదమ్మా" అన్నాడు. ముందు సీటు ఆమె తిరిగి, "నీకు మీసం ఉండాది కాబట్టి సరిపోయింది" అంది. పుంగనూరు వచ్చేదాకా నవ్వుకున్నాం.

పుంగనూరులో దిగేసరికి ఇంకా ఎనిమిది కాలేదు. మీ అమ్మ పెళ్ళి జరిగింది ఆ ఊళ్ళోనే, రెండు వైపుల వాళ్ళకూ మధ్యలో ఉంటుందని. బస్టాండు పక్కన ఇడ్లీ తిని, ఫొటో స్టూడియో తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. స్టూడియో బాషా నన్ను గుర్తుపట్టాడు. ఏం కావాలో చెప్పాను. పెళ్ళి పీటల మీద పళ్ళెంలో బియ్యం పోసి, మీ నాన్న చేత బంగారు ఉంగరంతో కొత్త పేరు రాయించారు. ఆ ఫొటో ఆల్బమ్‌లో లేదు.

"తాళి కట్టేది బాగా పళ్ళేదని కొట్లాటకొస్తారమ్మా, భోజనాల్లో మా మామ పళ్ళేదని కొట్లాటకొస్తారు. బియ్యం ఫొటో కావాలని వచ్చింది నువ్వొక్కదానివే" అని బాషా నవ్వుతూనే అటక మీంచి కవర్లు దించాడు. ఆల్బమ్‌కు ఎక్కని ఫొటోలన్నీ పారేయకుండా దాచి ఉంచాడు, పుణ్యాత్ముడు. వెతగ్గా వెతగ్గా దొరికింది. బియ్యంలో శైలజ అని వంకర అక్షరాలు. మీ నాన్న చేతిరాత అప్పుడూ అంతే. చుట్టూ జనం అందరూ పళ్ళెంలోకి వంగి చూస్తున్నారు. నేను వదినా అని పిలిచే మీ కుప్పం అవ్వ ఒక్కతే పళ్ళెం వైపు చూడకుండా మీ అమ్మ ముఖం వైపు చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. గెలిచిన సంబరం కాబోలు అనుకుని ఫొటోను ఫైల్లో పెట్టుకున్నాను.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి వెంకటగిరికోట మీదుగా కుప్పం. మీరు వెళ్తే మాత్రం కిటికీ సీటు వదలకండి. వెంకటగిరికోట దగ్గర పడేకొద్దీ మల్బరీ తోటలు మొదలవుతాయి, చేను పక్కన చేను, ముదురు పచ్చగా. బస్సులో మాటలూ మారిపోతాయి. వెంకటగిరికోటలో ఎక్కిన పూలామె కండక్టర్‌తో తెలుగులో పోట్లాడి, వెనక సీటు వాళ్ళతో కన్నడంలో నవ్వి, చంటిపిల్లను తమిళంలో జోకొట్టింది. "నీ సొంత భాష ఏదమ్మా?" అని అడిగాను. "ఎవురు పూలు కొంటే వాళ్ళ భాషే" అని నా జడలో మూర కాకడా పూలు తురిమింది.

కుప్పంలో దిగేటప్పటికి రెండయింది. రైల్వే స్టేషన్ దాటి పల్లెకు ఆటోలో వెళ్ళాను. వదిన ఇంటి ముందు నిలబడగానే లోపల్నుంచి కేక.

"ఆడే నిలబడు! లోపలికి రావద్దు!"

కాగితం సంగతి ఎలా తెలిసిందా అనుకున్నాను. వదిన గడప దగ్గరికి వచ్చింది. చీర ఎగదోపుకుని, తలకు గుడ్డ కట్టుకుని ఉంది.

"పూలు పెట్టుకోనుండావే! పౌడర్ గూడా ఏసినావా? అవన్నీ పురుగులకి పడవు వదినా. పూలు తీసి గోడ మీద పెట్టు, మొగం కడుక్కో, ఆ సున్నం నీళ్ళలో కాళ్ళు ముంచి అప్పుడు రా. పురుగులు పండినాయి!"

పట్టుపురుగులు పండటం అంటే మీకు తెలీదు కదా. దాదాపు నెల రోజులు ఆకు తిని తిని, ఒక రోజు తిండి మానేస్తాయి. ఒళ్ళు గాజులా పసుపు రంగుకు తిరుగుతుంది, తల పైకెత్తి దారి వెతుక్కుంటాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నే ఏరి, వెదురుతో అల్లిన చంద్రికల మీద వేయాలి. అక్కడ గూడు కడతాయి. ఆలస్యమైతే పట్టంతా వృథా. ఆ రోజు ఆ ఇంట్లో చావు కబురు వచ్చినా కదలరు. నోటరీ దగ్గరికి రమ్మని ఎలా అడగను?

"వదినా, ఒక పనిమీద వచ్చినాను" అన్నాను.

"తెలస్తానే ఉండాది. ముందు కూసో. ఏరతా చెప్పు."

కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చున్నాను. నావి బ్లౌజులు కుట్టే చేతులు, పురుగును పట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించింది. చల్లగా, మెత్తగా ఉంది. కాసేపటికి అలవాటైంది. పక్క తట్టల్లో ఇంకా పండనివి ఆకు తింటున్న చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు. ఏరుతూ ఏరుతూ ఉత్తరం సంగతి, లాయరు కాగితం సంగతి చెప్పేశాను. వదిన చేతులు ఆగలేదు.

"అయితే ఆ కాగితంలో ఏమని రాసినారు?"

"రుక్మిణి అని పేరు పెట్టబడి, పెళ్ళయినాక శైలజ అని పిలవబడే నా కోడలు, ఇద్దరూ ఒకే మనిషి, అని."

"సంతకం పెడితే పాత పేరు మళ్ళా వస్తాదా ఇంట్లోకి?"

"ఇంట్లోకి రాదు వదినా. కాగితాల్లో ఉంటాది, అంతే. అది ఉంటేనే పిల్ల మొగుడి దగ్గరికి పోయేది."

ఇంకో నాలుగు పురుగులు ఏరి, చంద్రిక మీద సర్ది అప్పుడు అంది, మామూలుగా, కూర బాగుంది అన్నట్టు.

"నేనుగూడా పుట్టింట్లో రుక్మిణిని కాదు."

నా చేతిలో పురుగు చేతిలోనే ఉండిపోయింది.

"సంబంధం కుదిరినాక పేర్లబలం సూసినారు. నాదీ మా ఆయనదీ సరిపళ్ళేదంట. రుక్మిణి అయితే సరిపోతాదని అయ్యవారు చెప్పినాడు. పొద్దన ఒగ పేరు, మాపటేల ఒగ పేరు. పదమూడేండ్లు నాకు. మూడు దినాలు ఎవురు పిలిచినా పలకలే. చెవిటిదేమో అనుకున్నారు" అని నవ్వింది.

"మరి నీకు కష్టమనిపించలేదా? మళ్ళా నా కూతురికీ అదే చేస్తివే?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. వదిన కోప్పడలేదు.

"ఉండేది ఇదొక్క పేరు వదినా నాకు. దీన్నిగూడా పంచుకోమంటే యాడికి పోదును?"

ఇద్దరం ఏరుతూనే ఉన్నాం. నిండిన చంద్రికను పక్కకు జరిపి, "నాకైతే ఏ కాగితమూ ఎవురూ అడగలే. నువ్వు ఆ పిల్లేనా అని అడిగినోళ్ళు లేరు. నీ కూతురిని అడగతాండారు, అంత దూరం నుంచి. రేపు పొద్దన పోదాంలే" అంది.

"అయితే నీ మొదటి పేరేంది వదినా?" అన్నాను.

"అదో, ఆ తట్టలో ఇంకోటి పండింది, సూడు."

పొద్దుగూకేదాకా పని సాగింది. వేడి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. చేతులు కడిగినా మల్బరీ ఆకు పసరు వాసన పోలేదు.

మర్నాడు పదింటికి కుప్పం కోర్టు దగ్గర నోటరీ ఆఫీసుకు వెళ్ళాం. వదిన పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. నోటరీ కాగితం చదివి వినిపించాడు, బియ్యం ఫొటో చూసి మెచ్చుకున్నాడు. ముందు నేను సంతకం చేశాను. తర్వాత ఆమె వైపు తిరిగి, "నీ పేరేందమ్మా?" అన్నాడు.

"రుక్మిణమ్మ."

"ఇంగేమన్నా పేరు ఉండాదా? ఉంటే చెప్పు, రాస్తాం."

వదిన ఆ టేబుల్ మీద స్టాంపుల వైపు చూసింది, నా వైపు చూసింది.

"లేదప్పా. ఇదొక్కటే" అని, ఒక్కో అక్షరం దిద్దినట్టు నెమ్మదిగా సంతకం పెట్టింది.

పన్నెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. ఎక్కించడానికి బస్టాండు దాకా వచ్చింది. గోడ మీద పెట్టిన నా కాకడా పూలు, రాత్రి మంచుకు వాడలేదని, కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. కండక్టర్ విజిల్ వేశాక కిటికీలోంచి మళ్ళీ అడిగాను, "చెప్పొచ్చు కదా వదినా, నేనెవురికీ చెప్పను."

"మళ్ళా వచ్చినప్పుడు చెప్తాలే" అని చెయ్యి ఊపింది.

బస్సు వెంకటగిరికోట దాటాక ఫైల్లోంచి ఫొటో తీశాను. అందరూ బియ్యం వైపే వంగి ఉన్నారు. వదిన మీ అమ్మ ముఖం చూస్తోంది. ముందురోజు గెలుపు అనుకున్నది ఇప్పుడు గెలుపులా కనపడలేదు. మరి ఎలా కనపడిందంటే, ఆ చూపును నేను వేరే ఎక్కడా చూడలేదు, చెప్పలేను. పోయేటప్పుడు మల్బరీ తోటలు మాత్రమే చూసిన దాన్ని, వచ్చేటప్పుడు ఆ తోటల్లో ఆకు కోస్తున్న ఆడవాళ్ళను చూస్తూ వచ్చాను. వీళ్ళలో ఎంతమందికి పుట్టింటి పేరు ఇంకా మిగిలి ఉందో అనుకుంటూ.

మదనపల్లెలో దిగేసరికి చీకటి పడబోతోంది. మీ అమ్మ బస్టాండులోనే నిలబడి ఉంది. "పెట్టిందా?" అంది. పెట్టిందన్నాను. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు. కొన్ని నెలలకు కెనడా నుంచి అనుమతి వచ్చింది, రుక్మిణి అనే పేరు మీద. మీ నాన్న ఎయిర్‌పోర్టులో శైలా అని పిలిచాడట. రెండూ మీ అమ్మవే, రెంటికీ పలుకుతుంది.

కుప్పం అవ్వను ఆ తర్వాత చాలాసార్లు కలిశాను. నీ పేరుపెట్టే రోజున మదనపల్లెకు వచ్చినప్పుడు కూడా ఆ మొదటి పేరే అడిగాను బుజ్జీ, నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఉంది. నవ్వి, నీ చెవిలో ఏదో చెప్పింది. నువ్వు నెలల పిల్లవి. ఇప్పుడు ఆమె లేదు. ఆమె పుట్టింటి ఊళ్ళో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళూ లేరు.

నీ చెవిలో ఏమని చెప్పింది తల్లీ?