ఎదురింటి బాణం

బావగారి బావమరిదికి ఉన్నది ఒకటే గుణం: ఏ పని దగ్గరికీ తాను వెళ్లడు, పనే తన కుర్చీ దగ్గరికి రావాలి. ఇది బద్ధకమని బావగారి నిశ్చితాభిప్రాయం, సిద్ధాంతమని బావమరిది వాదన. ఆయన ఉద్యోగకాలమంతా లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు చెడినప్పుడే మెకానిక్కును పిలుస్తారు గనక, లిఫ్టులను నమ్ముకున్న ఆ మహానుభావుడు జీవితమంతా మెట్లెక్కుతూ గడిపాడు. రిటైరైన నాడే, ఇక మెట్టన్నది ఎక్కనని కుర్చీలో కూర్చొని శపథం చేశాడు. నాటినుంచి ఆ శపథాన్ని కుర్చీ, కుర్చీని ఆయన వదలలేదు.

అటువంటివాడు అక్కగారికొక కంప్యూటరు బహూకరించాడు. పేకముక్కంత బోర్డు; పైన డబ్బా తొడిగితే సబ్బుపెట్టె. ఎంబ్రాయిడరీ మిషన్లవాళ్లకు ఆవిడ గీసే డిజైన్లు ఇకమీదట దానిలో గీయాలి. వీధికి ఆవలనున్న ఆయన ఇంటినుంచి అది కొరియర్‌లో వచ్చింది.

పెట్టె వచ్చింది గాని మనిషి రాలేదు. రిమోట్ డెస్క్‌టాప్ అమర్చుకుంటే ఇక్కడి తెర అక్కడ కనబడుతుందనీ, అక్కడి మౌస్ కదిపితే ఇక్కడి బాణం కదులుతుందనీ చెప్పి, ఒక పూటంతా ఫోనులో బావగారి ప్రాణం తోడేశాడు.

“సెట్టింగ్స్‌లో వీఎన్‌సీ అని ఉంటుంది బావగారూ. ఆన్ చెయ్యండి.”

“వీధి దాటి వచ్చి నువ్వే చెయ్యకూడదటోయ్?”

“వచ్చి చేస్తే ఇక రిమోట్ ఎందుకండీ?”

బావగారు నాలుగో అంతస్తు కిటికీలోంచి కిందికి చూశారు. ఎదురింటి కిటికీలో బావమరిది ఫోను చెవిన పెట్టుకొని ఆప్యాయంగా చెయ్యి ఊపాడు.

అక్కగారికి జబ్బుచేసి లేచినప్పటినుంచి కుడిచేతికి వణుకు. తీగ గీయబోతే రంపపు పళ్లు వచ్చేవి. కొత్త పెట్టె వచ్చాక తీగలు మళ్లీ నున్నగా సాగాయి. ఈ ఘనత ఎవరిదో బావగారికి ఏ సందేహమూ లేదు. ఆయన ఒక రబ్బరుబంతి కొని తెచ్చి, రోజూ పిసకమని భార్యకు పురమాయించి ఉన్నారు. బంతి మహిమను పాలవాడికి, పేపరువాడికి, చివరకు వైద్యుడికి కూడా బోధించారు. ఆవిడ ఆ బంతిని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకొనేది.

బావమరిది బాణం మాత్రం బావగారికి కంటగింపు. భార్య చేయి ఎత్తగానే అది పాకివచ్చి, గీతను వంచే చుక్కల్లో ఏదో ఒకదాన్ని అటో ఇటో జరిపి పోయేది. కుర్చీ దిగకుండానే ఇతరుల పనిలో వేలు పెట్టగల ప్రజ్ఞ అని ఆయన విసుక్కొంటే, వాడికీ పొద్దుపోవాలి కదా అని ఆవిడ నవ్వేది.

జబ్బు తరవాత ఆవిడకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక దుప్పటి అంచు. సాయంత్రానికి ఇవ్వాలి. ఇది కుదరకపోతే ఇక గీయడమే మానేస్తానని ముందే అనేసింది.

ఆ ఉదయమే పెట్టె మందగించిందని బావమరిదికి తోచింది. ఏ లిఫ్టు మొరాయించినా ముందు ఆపి, మళ్లీ వేయడం ఆయన విద్యలో మొదటి పాఠం. ఆ ప్రకారం కుర్చీలోంచే పెట్టె వైఫై ఆపాడు. మళ్లీ వేద్దామంటే, వేయడానికి వెళ్లే దారి ఆ వైఫైయే. వీధిలో నిలబడి ఇంటి లోపలి గడియ వేయగలిగిన నేర్పరి ఆయన ఒక్కడే.

“బావగారూ, అక్కడ వైఫై కాస్త ఆన్ చేస్తారా?”

“నాకు చేతకాదోయ్. వచ్చి చేసిపో. మా లిఫ్టు కూడా చెడిపోయింది, పాత స్నేహితుణ్ణి చూసినట్టుంటుంది,” అని బావగారు హాయిగా ఫోను పెట్టేశారు.

ఇటు తెర మీద తీగ మొదలైంది. రంపపు పళ్లు. ఆవిడ చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ పళ్లే. బావగారు కిటికీ దగ్గరి బంతి తెచ్చి అందించారు. ఆవిడ దాన్ని పక్కన పెట్టింది.

“మన వల్ల కాదని చెప్పేయండి. ఇంకెవరిచేతనైనా గీయించుకుంటారు.”

బావగారు తెర వంక చూశారు. పాకివచ్చే బాణం ఇవాళ రాలేదు, చుక్కలు జరగలేదు. ఇన్నాళ్ల బంతి మహిమ ఎదురింటి కుర్చీలోంచి వస్తూ ఉండేదని అప్పటికి ఆయనకు బోధపడింది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో బావమరిది, శపథభంగమై, చొక్కా తడిసి, గోడకు చేరగిలబడి ఉన్నాడు.

“నాతోనైనా చెప్పకూడదటోయ్?” బావగారు గొంతు తగ్గించారు.

“పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే ఒప్పుకుంటుందాండీ మా అక్క? నాకు పలక మీద దిద్దించిన మనిషి.”

లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. “వాడేనా? వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపించండి. వాడు వాళ్లింట్లో ఉంటేనే నాకు పని సాగుతుంది.”

బావమరిది దిగవలసిన మెట్ల వంక చూసి నిట్టూర్చాడు. బావగారు వెళ్లి, ఎవరూ చెప్పకుండానే వైఫై ఆన్ చేశారు.

కొంతసేపటికి బాణం పాకివచ్చింది. మెట్ల ఆయాసానికి అదే గజగజ వణుకుతూ, ముట్టుకున్న చుక్కనల్లా వంకర చేయసాగింది. ఆవిడ మౌస్ వదిలి ఫోను అందుకొంది.

“తొందరేం లేదురా. ముందు మంచినీళ్లు తాగు.”

బావగారు అప్పటికే కిటికీలోంచి వంగి, ఎదురింటికి గురి చూస్తున్నారు.

“ఇదిగోనోయ్, పట్టుకో. చేతి వణుకుకు ఈ బంతిని మించింది లేదు.”