మా ఆవిడ బావ గెలిచిన గుట్ట

ఆ రోజు టీవీలో మంచుకొండ మీద స్కీ పందేలు వస్తున్నాయి. మా ఆవిడ సుజాత రెప్ప వేయకుండా చూసి, "మా ఊరి గుట్ట మీద గూడ ఇట్లనే జారేటోళ్లు. మా శీను బావ వరసగా మూడేండ్లు గెలిచినాడు" అంది. శీను ఆమె మేనత్త కొడుకు. మొదట పిల్లను అతనికే ఇవ్వాలనుకున్నారట కూడా. పెళ్లైనప్పటి నుంచి ఆ పేరు వింటూనే ఉన్నాను. ఈర్ష్యే, దాచడమెందుకు? ఆ గుట్ట సంగతేమిటో తేల్చుకుందామని ఆదివారమే బయల్దేరదీశాను.

మార్కాపురంలో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ వేళకు బేస్తవారిపేటలో దిగాం. అక్కడి నుంచి రానూపోనూ ఆటోకు ఐదొందలు. "గుట్టకా? ఆడేముందన్నా చూసేదానికి?" అన్నాడు డ్రైవర్. ఏమీ ఉండకూడదనే నా కోరిక కూడా.

గుట్ట బాగానే ఉంది, ఖర్మ! గడ్డి ఎండి, గొర్రెలు తొక్కీ తొక్కీ వాలు నున్నగా మెరుస్తోంది. కింద సుజాత చిన్నాయన ఓబయ్య గొర్రెలు మేపుకుంటూ కనిపించాడు. పందేల గురించి అడిగాను.

"కొనకనమిట్ల నుంచి గూడ వచ్చేటోళ్లు అల్లుడూ. తాటిమట్ట మీద కూచోని జారాల. మడమ నేలకు ఆనితే ఓడినట్టే. శీను ఒక్కసారి గూడ ఆనించలేదు."

"మరి ఎందుకు ఆగిపోయాయి?"

"వాననీళ్లు నిలవాలని అడ్డంగా కందకాలు తవ్వినారు. ఈ పక్క ఒక్క బాట మిగిలింది."

లోపల్లోపల సంబరపడ్డాను. కానీ ఆయన ఆపలేదు. గెలిచినవాడు ఆ మట్టతోనే మేనమామ ఇంట్లో పొయ్యి అంటింపజేసి, కోడికూర తినిపోవాలట. మేనమామ అంటే మా మామగారే! మూడేళ్లు వీళ్లింట్లో కోడికూర!

ఇక ఆగలేకపోయాను. గొర్రెల దొడ్డికి అడ్డం పెట్టిన మట్ట ఒకటి లాక్కుని పైకెక్కి జారాను. సగం దారిలోనే భయమేసి రెండు మడమలూ నేలకు తన్నిపెట్టాను. పల్టీలు కొట్టాను. ప్యాంటు చిరిగింది. సుజాత పరుగెత్తుకొచ్చింది.

"మీ బావైతే పడేవాడు కాదుగా, చెప్పు!" అని అరిచాను.

ఆమె నా పక్కన కూలబడింది. "వాని మీద నీకేందయ్యా ఏడుపు? ఆడపిల్లల్ని గుట్ట ఎక్కనిచ్చేటోళ్లు గాదు. వాడు జారేటోడు, నేను వాని మట్ట పెట్టి పొయ్యి ఊదేదాన్ని. వాడు తింటాంటే లోపలికి పోయి ఏడ్సేదాన్ని. నాకు కావాల్సింది వాడు గాదు, జారుడు."

మట్ట లాక్కుని పైకెక్కింది. "ఈ వయసులో ఏందమ్మా ఇది!" అని చిన్నాయన మొత్తుకున్నా వినలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, మడమలు పైకెత్తి, నేను పడ్డచోటు దాటేసి, కేకలు పెడుతూ అడుగుదాకా జారింది.

ఇన్నేళ్లూ నేను ఈర్ష్య పడుతున్న మనిషి మీద ఆమె నాకన్నా ముందు నుంచే ఈర్ష్య పడుతోంది. ఆ గుట్ట కథ ఊళ్లో ఎవరిని అడిగినా గెలిచిన మగవాళ్ల పేర్లే చెబుతారు. పొయ్యి ఊదినవాళ్ల పేర్లు నేనూ ఎన్నడూ అడగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు వానలు పోయి గడ్డి ఎండాక వెళ్లండి. మందపాటి ప్యాంటు వేసుకోండి. భార్యతో వెళ్తే మొదట ఆమెను జారనివ్వండి.