తపసు మాను మీది మాట

మా కుప్పయ్యన్న బతుకంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడే. కానీ నగరి చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. సంతలో కనబడితే "అదో, అర్జునుడు పోతా ఉండాడు" అనేవాళ్ళు. ఏటా ఎండాకాలంలో మా ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. మధ్యాహ్నం కథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. అర్జునుడి వేషం ఆయనది, పక్కన మద్దెల నాది. నా పేరు మునస్వామి, నేనూ నేతగాణ్ణే. ఈయన సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, నాలుగు అబద్ధాలు కలిపి మరీ చెబుతారు. అది నాకు ఒళ్ళుమంట.

తక్కినవాళ్ళకు వేషమంటే రంగు పూసుకుని, కడుక్కుని ఇంటికి పోవడమే. కృష్ణుడి వేషం వేసే గంగాధరం బుగ్గన వక్కాకు పెట్టుకునే గీత చెప్పేవాడు. కుప్పయ్యన్న మాత్రం ఆ నాలుగు మాటలనూ చేతులు కట్టుకుని, కళ్ళార్పకుండా వినేవాడు. ఆత్మకు చావు లేదు, పోయినవాళ్ళకోసం తెలిసినవాడు ఏడవడు. ఏటా అవే మాటలు.

"రోజూ పళ్ళెంలో పడిన చిల్లరకు తగువులాడే గంగాధరం చెప్తే నీకు అంత భక్తి ఏందన్నా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ఎవురు చెప్తే ఏమిరా? నా మొగం సూసి చెప్తా ఉండాడు. నేను ఇనకపోతే ఇంకెవురు ఇనాల?" అన్నాడు.

యుద్ధం వచ్చింది. మా ఊరిమీద బాంబు పడలేదు గానీ నూలుకు కంట్రోలు పడింది. మగ్గాలు మూలపడ్డాయి. మా వీధిలో పొద్దున్నుంచి సాయంత్రందాకా వినబడే చప్పుడు ఆగిపోతే, ఊరు ఊరంతా చెవిటిదైపోయినట్టు ఉండేది. కుప్పయ్యన్నకు ఒక్కడే కొడుకు, గోవిందు. ఇంట్లో ముగ్గురికి తిండి లేదని చూసి వాడు చిత్తూరు పోయి పట్టాళంలో చేరిపోయాడు. రైలెక్కే రోజు తల్లి నాగులమ్మ వదిన ధర్మరాజుల గుడిలో పూజచేయించిన రాగి తాయెత్తు వాడి జబ్బకు కట్టి, స్టేషన్లో నేలమీద పడి ఏడ్చింది. కుప్పయ్యన్న కంట నీరు పెట్టలేదు.

"నీ గుండె బండరాయా ఏమయ్యా?" అని వదిన అడిగింది.

"గీత ఇన్నోణ్ణి. నేనే ఏడిస్తే ఎట్లే?" అన్నాడాయన.

సింగపూరునుంచి రెండు మూడు జాబులు వచ్చాయి. తర్వాత ఆ ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. యుద్ధం ముగిసింది. పుత్తూరులో ఒకడు దిగాడు, పలమనేరులో ఒకడు దిగాడు అని వినేవాళ్ళం. వదిన రైలు వచ్చే వేళకు స్టేషనుకు పోయి, దిగినవాళ్ళందరి మొగాలూ చూసి వచ్చేది.

నలభై ఆరులో భారతం మామూలుగానే మొదలైంది. కథ చెప్పడానికి కార్వేటినగరంనుంచి తిరుమలయ్యగారు వచ్చారు. ఈ కాలానికి భారతం ఎట్లా వెలుగు చూపుతుందో విప్పి చెప్పడం ఆయనకు మహా సరదా. జర్మనీవాళ్ళు కౌరవులట, జపాను మీద పడిన బాంబు అశ్వత్థామ విడిచిన అస్త్రమట, రేషను డిపోవాడు శకుని అట. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అన్నింటికీ పోలిక దొరికింది సరే, నూలెప్పుడొస్తుందో ఏ పర్వంలో ఉందో చెప్పమనండి.

మా భారతంలో ఒక ఆచారం ఉంది. అర్జునుడు పాశుపతంకోసం తపస్సుకు పోయే రోజున గుడి ముందు పొడుగాటి తాటిమాను పాతుతారు. దాన్ని తపసు మాను అంటాం. అర్జునుడు ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క పాట పాడుతూ దాని కొనకు ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిచీరలతో కొంగు చాపి కూర్చుంటారు. వరపడడమంటారు దాన్ని. ఆయన పైనుంచి నిమ్మకాయలు విసిరి "కోరింది జరుగుతాది" అంటాడు. ఎవరి కొంగులో పడితే వాళ్ళ కోరిక తీరినట్టే. ఆ మాను మీదినుంచి వచ్చిన మాట మనిషి మాట కాదని మా నమ్మకం. అది అర్జునుడి మాట.

ఆ వేషగాడికి మొదటిరోజే కంకణం కడతారు. అది విప్పేదాకా చావు మైల అతనికి అంటదు. అంటదు కాబట్టి, అయినవాళ్ళు పోయినా ఏడవకూడదు, పొలిమేర దాటకూడదు.

ఆ ఏడు నాగులమ్మ వదిన తానూ వరపడతానంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "బిడ్డల్లేనోళ్ళు పడేది గదక్కా, నీకెందుకు?" అని పక్కింటి వసంతమ్మ అడ్డం వచ్చింది.

"నాకు మాత్రం యాడుండాడు? వాడు గడప తొక్కేదాకా నేనూ గొడ్రాలినే" అంది వదిన. ఆ మాటకు ఊరి పెద్దలు కూడా సరేనన్నారు.

తపసు మాను రోజు పొద్దున గుడి వెనక పందిట్లో కుప్పయ్యన్న రంగు పూసుకుంటున్నాడు. నేను మద్దెల మూతకు పిండిముద్ద పెడుతున్నాను. ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒకడు తడబడుతూ లోపలికి వచ్చాడు. మనిషి ఎముకల గూడు. గోవిందుతో కలిసి పనిచేశానని, తన పేరు రాజారత్నమని, నాయుడుపేట దగ్గర కిరస్తానపు పల్లె తమదని చెప్పాడు. ఆ తర్వాత నేలచూపులు చూశాడు.

"నాయనా, జపానువాళ్ళ క్యాంపులో రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. మందు లేదు. నా ఒళ్ళోనే పోయినాడు. మీ మంత్రాలు నాకు రావు. మా ప్రార్థనే చెప్పి పూడ్చినాను. తప్పయితే మన్నించండి" అని, జేబులోంచి రాగి తాయెత్తు తీసి కుప్పయ్యన్న చేతిలో పెట్టాడు.

కుప్పయ్యన్న దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. మొగాన సగం రంగు ఉంది, సగం లేదు. "నువ్వు పక్కనుంటివి. చాలు నాయనా" అన్నాడు. ఆ పిల్లవాడికి మజ్జిగ ఇప్పించాడు. "మా ఇంటికి మాత్రం పోవద్దు. కంకణం ఇప్పినాక నేనే చెప్తా" అని సాగనంపాడు. తర్వాత అద్దం ముందు కూర్చుని తక్కిన సగం మొగానికి రంగు పూసుకున్నాడు. నేను చూడలేకపోయాను.

"వద్దన్నా, ఎక్కొద్దు. పెద్దలకు నేను చెప్తా" అన్నాను.

"కంకణం నా చేతికుంటే ఇంకెవురు ఎక్కేది? కింద తడిగుడ్డలతో కూర్చోనుండారే, వాళ్ళ గతేం గావాల?" అన్నాడు.

ఎక్కాడు. ఒక్క పాట తప్పలేదు, ఒక్క మెట్టు తడబడలేదు. ఎండలో మాను కొన చూస్తే నాకు కళ్ళు చెదిరాయి. వదిన నాకు ఎదురుగా కూర్చుంది. జుట్టు విరబోసుకుని, కొంగు రెండు చేతులా చాపి పైకి చూస్తూ ఉంది. రెప్ప వేయలేదు. ఆయన ఒక్కొక్క నిమ్మకాయే విసురుతూ "కోరింది జరుగుతాది" అంటున్నాడు. కింద కేకలు, గోవిందలు. చివరికి చేతిలో ఒకటే కాయ మిగిలింది. ఆయన ఆగిపోయాడు. అర్జునుడు ఆగితే మద్దెల ఆగకూడదు. వాయించీ వాయించీ నా వేళ్ళు మండిపోయాయి. దేవుడా, ఆ కాయ పట్టు తప్పి ఎటైనా పడిపోనీ అని మొక్కుకున్నాను.

ఆయన గురి చూసి విసిరాడు. కాయ వదిన కొంగులో పడింది.

"కోరింది జరుగుతాది!" అన్న కేక ఊరంతా వినబడింది. వదిన ఆ కాయను గుండెకు హత్తుకుని అక్కడే నేలమీద పొర్లింది. ఈసారి అది ఏడుపు కాదు.

దిగాక ఆయన్ను పందిట్లో నిలదీశాను. "ఏం పని చేసినావన్నా? తెలిసి తెలిసి?"

"నాలుగు దినాలన్నా నగతా ఉండనీరా. ఎన్నేండ్లయింది అది నగి? కంకణం ఇప్పినాక చెప్తా. అంతా మాయ అంటారు గదా, నిమ్మకాయ కూడా మాయే" అన్నాడు. ఆయన తప్పంతా అక్కడే ఉంది. మా ఊళ్ళో పుట్టి, మాను మీది మాటను వెనక్కి తీసుకోవచ్చనుకున్నాడు.

అభిమన్యుడు చచ్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం తిరుమలయ్యగారు కథ ముగించి తాంబూలం వేసుకుంటుంటే కుప్పయ్యన్న పోయి ముందు కూర్చున్నాడు.

"సామీ, కొడుకు పోయేనాటికి అర్జునుడు గీత ఇన్నాడా, ఇనలేదా?"

"విన్నాడు నాయనా. అంతకుముందే విన్నాడు."

"ఇని గూడా ఏడ్చినాడా?"

తిరుమలయ్యగారు ఉపన్యాసానికి గొంతు సవరించుకుని, ఆయన మొగం చూసి ఆగిపోయారు. సంగతి ఆయనకు తెలియదు. "ఏడ్చినాడు నాయనా. మూర్ఛపోయినాడు. నిప్పుల్లో దూకుతానని ఒట్టు పెట్టుకున్నాడు. చెప్పినాయన పక్కనే ఉన్నాడు, అయినా ఏడ్చినాడు. వ్యాసులవారు దాన్ని దాచలేదు" అన్నారు.

శకునినీ రేషను డిపోనూ పక్కనపెట్టి ఆయన చెప్పిన మాట నేను విన్నది అదొక్కటే. ఈ కాలానికి భారతం చూపించే వెలుగేదైనా ఉంటే అదేననిపించింది నాకు. ఆ వెలుగులో దారేమీ కనబడలేదు. మనిషి ఏడవడం మాత్రం కనబడింది.

నాటకంలో కుప్పయ్యన్న అభిమన్యుడి వేషగాణ్ణి ఒళ్ళో వేసుకుని ఏడ్చాడు. కంకణం కట్టుకున్న మనిషి సొంత కొడుక్కోసం ఏడవకూడదు, అర్జునుడు ఏడవచ్చు. పాట మరిచిపోయాడు. నేను ఊరికే మద్దెల వాయిస్తూ పోయాను. జనం ఈలలు వేశారు, భేష్ అన్నారు. వదిన ముందు వరసలో కూర్చుని, "మా ఆయన ఏడుపు సూడు వసంతా, నిజ్జంగా కొడుకు పోయినోడి మాదిరే!" అని మురిసిపోతోంది. కొంగు ముడిలో నిమ్మకాయ ఉంది.

దుర్యోధనుణ్ణి చంపారు, నిప్పులు తొక్కారు, కంకణం విప్పారు. మర్నాడు పొద్దున ఆయన నన్ను తోడు పిలుచుకుని ఇంటికి పోయి, వదినను కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాడు. తాయెత్తు ఆమె ముందు పెట్టాడు. పైటచెంగు నోట్లో కుక్కుకుని పడిపోతుందని నేను భయపడ్డాను. ఆమె తాయెత్తు తీసుకుని కళ్ళకద్దుకుంది.

"సూసినావా, ఇది దోవ కనుక్కోని వచ్చేసినాది. వానికి తెలీదా దోవ?"

"పోయినాడే నాగులూ. మన గోవిందు పోయినాడు. రాజారత్నమనే ఆ అబ్బాయి సేతుల్తో పూడ్చినాడంట."

"ఆ అబ్బాయి ఎవుర్ని సూసి ఎవురనుకున్నాడో. వస్తాడని మాను మీదినుంచి చెప్పింది ఎవురు? అర్జునుడు గదా? ఇప్పుడు పోయినాడని చెప్పేది ఎవురు? కుప్పయ్య. నేను ఎవురి మాట నమ్మాలయ్యా?"

"రెండూ నేనేనే" అన్నాడాయన.

"కాదు" అంది వదిన. లేచి పోయి పొయ్యి రాజేసింది.

ఆ రోజునుంచి ఆమెకు దిగులన్నది లేదు. స్టేషనుకు పోవడం కూడా మానేసింది, వచ్చేవాడు ఎట్లాగూ వస్తాడని. ప్రతి పూటా కొడుక్కి ఒక ఆకు వేసి అన్నం పెట్టేది. కర్మ చేస్తానని ఆయన నోరెత్తితే, బతికున్న బిడ్డకు పిండం పెడితే బావిలో దూకుతానంది. కుప్పయ్యన్న మళ్ళీ రంగు పూసుకోలేదు. నూలు మళ్ళీ వచ్చింది, మగ్గాలు ఆడాయి, ఆయన మగ్గం కూడా ఆడింది. లోపల మనిషి లేడు. ఏడవడానికి ఆయనకు ఇంట్లో చోటు లేదు, కర్మ జరగని చావుకు బయటా చోటు లేదు. నా దగ్గరికి వచ్చి అరుగుమీద ఊరికే కూర్చునిపోయేవాడు. నేను గీత గురించి ఎన్నడూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

నలభై తొమ్మిదిలో వదినకు జ్వరం తిరగబెట్టింది. ఇక లేవదని తెలిసిపోయింది. మేమంతా చుట్టూ ఉన్నాం. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"కుప్పయ్యను అడగలేదు నేను. అర్జునుణ్ణి అడగతా ఉండాను. వస్తాడా?"

ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. మూడేళ్ళుగా వినని ఆ గొంతు, మాను కొనమీది ఆ గొంతు, ఆ చిన్న ఇంట్లో మోగింది.

"కోరింది జరుగుతాది!"

ఆమె నవ్వుతూ పోయింది.

కర్మ రోజున ఏటి గట్టున నేనే చొరవ చేశాను. "ఇంక అడ్డం చెప్పేవాళ్ళు లేరన్నా. వదినతో పాటు గోవిందుకూ పెట్టేసెయ్. ఇన్నేళ్ళుగా బిడ్డకు నీళ్ళు లేవు" అన్నాను. ఆయన సరేనన్నట్టు రెండో ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. పేరు చెప్పమన్నాడు పురోహితుడు. కుప్పయ్యన్న ముద్దను మెల్లగా పళ్ళెంలోనే పెట్టేశాడు.

"పొయ్యే నాగులుకు, వాడు వస్తాడని సెప్పి పంపించినాను మునస్వామీ. ఇంక నేనెట్లరా పెట్టేది?"

ఇంటికి వచ్చాం. అందరూ పోయాక ఆయన తాయెత్తు తెచ్చి మగ్గం గుంజకు కట్టాడు. రెండాకులు వేసి, రెండింట్లోనూ అన్నం వడ్డించాడు. ఒకదాని ముందు తాను కూర్చున్నాడు. తినలేదు. వీధి తలుపు బార్లా తీసిపెట్టి, దానివైపే చూస్తూ కూర్చున్నాడు.