ఇత్తడి బోల్టులు

చేపల వేట నిషేధం ముగిసే ముందురోజు పొద్దున నరసాపురం రేవులో మా అక్క మొగుడి నావకు తెరచాప కొయ్య నిలబెడుతుంటే, దాని మొదలును అడ్డదూలానికి బిగించి ఉంచే ఇనుప పట్టీ తెగిపోయింది. ఇంజను బోట్ల మధ్య ఇంకా తెరచాప మీద ఆధారపడిన నావ అది. పట్టీ లేకుండా గాలికి వెళితే కొయ్య మనిషి మీద పడుతుంది. మర్నాడు తెల్లవారేసరికి అందరితో పాటు బావ కూడా వేటకు వెళ్ళాలి.

విప్పి శుభ్రం చేసే పని నాకు పడింది. అంత రోత పని నేనెప్పుడూ చెయ్యలేదు. ఏటా మొదటి వేటకు ముందు కొయ్య మొదట్లో పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరినీళ్ళు పోస్తారు. పాతది కడగరు. దానిమీదే రంగు వేస్తారు, మరుసటేడు రంగుమీద మళ్ళీ పసుపు. ఉలితో గీకుతుంటే పెచ్చులు ఊడి, కింద చేప పొలుసులు, కుళ్ళిన పీచు, తుప్పు కలిసిన నల్లటి జిగురు బయటపడింది. జిగురు గోళ్ళలోకి దిగింది. పూజ చేసిన కొయ్య, మొత్తం గీకెయ్యకు అని బావ రెండుసార్లు అన్నాడు.

తుడిచాక బోల్టులు కనిపించాయి. ఇత్తడివి, నిన్న బిగించినట్టున్నాయి. వాటి చుట్టూ ఇనుము మాత్రం తడిసిన అట్టలా పొరలుగా లేచిపోయింది.

బావ వాటిని చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు.

"చూశావా, నువ్వు చెప్పిన బోల్టులు. రెండేళ్ళయినా చెక్కు చెదర్లేదు. పట్టీ చేసిన ఆ వెల్డింగాయన ఇచ్చిన ఇనుమే పుచ్చుది. పద, ఆయన సంగతి చూద్దాం."

పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెలిసిందంతా శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. లోహాల గురించిన పుస్తకంలో ఇత్తడి తుప్పు పట్టదని చదివి, ఆ సాయంత్రమే బావకు చెప్పాను. తర్వాతి పేజీ చదివింది ఏడాది తిరిగాక. ఉప్పునీటిలో ఇత్తడికి తగిలి ఉన్న ఇనుము త్వరగా తరిగిపోతుందని అందులో ఉంది. పుస్తకం మూసేసి ఊరుకున్నాను. చెబితే నా మాటకున్న విలువ పోతుందనుకున్నాను. గోళ్ళలోని జిగురు కంటే అది తలుచుకుంటే ఎక్కువ రోత పుట్టింది.

కొత్త పట్టీకి అవే వేయిద్దామని బావ బోల్టులు జేబులో వేసుకుని బయలుదేరాడు. రోడ్డెక్కే లోపు ఆపి చెప్పాను. పుస్తకం సంగతీ, తర్వాతి పేజీ సంగతీ, ఊరుకున్న సంగతీ.

బావ తిట్టలేదు.

"ఆ పేజీ ఎప్పుడు చదివావు?"

"పోయినేడు వేసవిలో, బావా."

"ఈ మాఘంలో మీ అక్కని అంతర్వేది తీర్థానికి ఈ నావలోనే తీసుకెళ్ళాను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ కొయ్యకే ఆనుకుని కూర్చుంది."

బావ బోల్టులు తీసి నా చేతిలో పెట్టాడు.

వెల్డింగు షాపులో, ఈసారి బోల్టులు కూడా ఇనుపవే కావాలని నన్నే చెప్పమన్నాడు. ఎందుకో కూడా చెప్పమన్నాడు. వెల్డింగాయన పని ఆపి విన్నాడు. మధ్యలో ఏదైనా వదిలేస్తానేమోనన్నట్టు బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు.