పై గుండీ

ఒక చొక్కా పై గుండీకి అంతటి చారిత్రక ప్రాధాన్యం దక్కడం లోకంలో అదే మొదలు. కీళ్లవాతానికి కొత్త మందును పరీక్షిస్తున్న డాక్టరమ్మ, పొద్దున్నే ఆ గుండీ పెట్టుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రోజూ రాయమంది. ఆమె దగ్గర ఆ మందు వాడుతున్న టైలరు గడియారం ముందు నిలబడి, పట్టాభిషేకానికి ముస్తాబయ్యే మహారాజులా ఆ పని చేసేవాడు. వేళ్లు బాగుపడితేనే మళ్లీ కత్తెర పట్టగలడు. లేదంటే దుకాణం మూతే.

మొదటి వారం పదకొండు నిమిషాలు పట్టింది. మూడో నెలకు రెండే.

"చూశావా, నా వేళ్లకు పెళ్లికళ వచ్చేసింది!" అన్నాడు, కాజాలు కుట్టే భార్యతో.

"కళ సంగతి తర్వాత. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది," అని ఆమె మొహం తిప్పుకుంది.

ఆ నెలాఖరున డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి పెదవి విరిచింది. "కీళ్లు మునుపటికంటే దెబ్బతిన్నాయండీ. మరి గుండీ ఎలా పెడుతున్నారు?"

వెంట వచ్చిన భార్య నేలచూపులు చూసింది. "రోజూ దాంతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయానండీ."

అందరి చొక్కాలకూ వంకలు పెట్టినవాడు, తల వంచి మొదటిసారి తన చొక్కా చూసుకున్నాడు.

పై కాజా రెండు గుండీలు పట్టేంత వెడల్పుగా ఉంది.