నూకరత్నం అప్ప లావు పెన్ను

మొన్న విజయనగరంలో జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉంటే, లామినేషన్ మిషను వేడెక్కి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఇవ్వాల్సిన కాగితాలు చేతిలోనే పట్టుకుని అలా ఉండిపోయాను. "ఏటి మేడం, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు షాపాయన. బాగానే ఉందన్నాను. ఈ మధ్య ఎవరేమడిగినా అదే అంటున్నాను, ఇంకో జవాబు వెతుక్కునే ఓపిక లేక. ఆ వాసన వస్తే నాకు నూకరత్నం అప్పే గుర్తొస్తుంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. నా ఎదుటి సీటు ఆమెది. భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చదివించింది. ఆఫీసులో అందరూ ఆమెను మేడం అనేవారు, నేనొక్కదాన్నే మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. పిల్లల టీసీలు చేత్తో రాయడం ఆమె పని. ఆ అక్షరాలు చూసి అచ్చేశారేమో అనుకునేవారు. నేను చేరేనాటికే ఆ కుడిచెయ్యి వణకడం మొదలైంది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. సంగతి బయటపడితే సీటు లాగేసి, గుమ్మం పక్కన ఎంక్వైరీ బల్ల దగ్గర కూర్చోబెడతారని ఆమె భయం. "రాయడం తప్ప నాకేటొచ్చునే? అది కూడా పోతే నేనేటి సేస్తాను?" అని నా దగ్గరే ఒకసారి అంది.

వేళ్లకి బలం రావాలంటే రోజూ పిండి పిసకమన్నాడు డాక్టరు. "ఒక్కర్తినీ ఉంటాను. అంత పిండి పిసికితే సపాతీలు ఎవులు తింతారే?" అని నవ్వింది. వైజాగులో చదువుతున్న మేనకోడలు పాలిమర్ క్లే పంపింది. మైనంలా మెత్తగా ఉండే రంగురంగుల ముద్దలు. పిసికి పిసికి, ఒకరోజు ఆ ముద్దని తన బాల్ పెన్ను చుట్టూ బొటనవేలంత లావున చుట్టి, మెత్తగా ఉండగానే మూడు వేళ్లూ అదిమింది. వేళ్లు కూర్చునే గుంటలు పడ్డాయి. దాంతో రాస్తే చెయ్యి వణకడం తగ్గింది. కానీ ముద్ద గట్టిపడదే! మా ఊరు కోటబొమ్మాళిలో వినాయకుడి మట్టి బొమ్మలు ఎండబెట్టిన అనుభవముంది కదా అని "ఎండలో పెడదాం అప్పా, రాయైపోద్ది" అన్నాను. కాలేజీ డాబా మీద వారం రోజులు పెట్టాం. దుమ్ము పట్టింది తప్ప మెత్తదనం పోలేదు. ఓవెన్‌లో కాల్చాలని ఫోనులో వీడియో చూశాకే తెలిసింది. కేకులు చేసే మా అద్దింటి ఓనరావిడ ఓవెన్‌లో పెట్టాం. రీఫిల్ తీయడం మరిచిపోయాం. ఇంకు కారి, ప్లాస్టిక్ పెన్ను వంగిపోయి, వాసన వీధి చివరి దాకా పోయింది. "ఎండురొయ్యలాగ వంకరైపోనాదే గౌరీ!" అని అప్ప కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మూడోసారి స్టీలు పెన్ను తెచ్చి, రీఫిల్ తీసి కాలిస్తే కుదిరింది.

అక్కడితో ఆగలేదు. స్టీలు గ్లాసుకి క్లే తొడిగి, పెన్ను మూత అంచుతో పొలుసులు ఒత్తి, చేపల గుంపు చేసి పెన్‌స్టాండ్ అంది. పేపర్ వెయిట్ పీత అయింది. స్టేప్లర్ మీద బంతిపువ్వులు పూశాయి. "ఇదంతా ఎందుకప్పా?" అంటే గొంతు తగ్గించి చెప్పింది. "లావు పెన్ను ఒక్కటే ఉంటే ఎందుకని అడుగుతారే. అన్నీ అలాగే ఉన్నాయనుకో, ఈవిడికి బొమ్మల పిచ్చి అనుకుని పోతారు." అన్నట్టే జరిగింది. బొమ్మల కొలువు మేడం అని వేళాకోళం చేశారు. ఆమె వాళ్లతో కలిసి నవ్వింది. ఏడాదికి పైగా టీసీలు ఆ పెన్నుతోనే రాసింది.

కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. తనిఖీకి కమిటీ వస్తుందనగా ముందురోజు, అప్ప ఆస్పత్రికని సెలవు పెట్టింది. ఆయన ఆమె బల్ల ముందు నిలబడి, "ఏంటీ బొమ్మలు? మొత్తం తీసేయమ్మా" అన్నాడు నాతో. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆయన సంతకం కోసం ఉంది. సార్, ఈ పెన్ను లేకపోతే ఆవిడ రాయలేరు అని ఒక్క మాట అనాలి. అనలేదు. పోనీ దాన్ని చాటుగా సొరుగులో వేయాలి. ఆయన చూస్తున్నాడు. చేపల గ్లాసుతో సహా అట్టపెట్టెలో పడేశాను. పెట్టె స్టోరు గదిలోకి పోయింది, తాళం ఆయన జేబులోకి పోయింది.

మర్నాడు అప్ప వచ్చేసరికే కమిటీవాళ్లు గదిలో ఉన్నారు. అప్పుడే ఒక పిల్ల టీసీ కోసం వచ్చింది. అప్ప ఖాళీ బల్లవైపు చూసింది, తర్వాత నావైపు చూసింది. మామూలు పెన్ను తీసుకుని మొదలుపెట్టింది. పిల్ల పేరు దగ్గరే అక్షరాలు గీత దాటి కిందకి జారిపోయాయి. "ఇదేం రాత?" అన్నాడు ప్రిన్సిపాల్. అప్ప లేచి నిలబడింది.

"సెయ్యి వణుకుతాది సార్. రెండేళ్ల బట్టి. లావు పెన్నుంటే రాయగల్ను. దాన్ని తీసేసినారు."

ఎవరు తీశారో చెప్పలేదు. వారం తిరక్కుండా ఆమెను ఎంక్వైరీ బల్లకి మార్చారు. అక్కడే రిటైరైంది. నా కాంట్రాక్టు పొడిగించారు.

ఒక ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. "అప్పా, ఆ పెన్ను తీసింది నేనే" అన్నాను.

"తెలుసునే. నాకు కోపం రాలేదని సెప్పను. శానా వచ్చింది." లేచి కంచం తెచ్చింది. "సేపల పులుసుంది. తినేసి ఎల్లు."

ఏడుస్తూనే తిన్నాను.

ఇప్పుడు ఇంకో ఆఫీసులో నేనే సూపరింటెండెంటుని. ఎవరో ఒకరు వస్తున్నారని బల్లలు ఖాళీ చేయించమని నెలకోసారైనా ఆర్డరు వస్తుంది. విసుగ్గానే ఉంటుంది. అయినా ప్రతి బల్ల దగ్గరా ఆగి, "ఇందులో ఏది ఉంచమంటారు?" అని అడుగుతాను. చాలామంది ఏమీ లేదు మేడం, తీసేయండి అంటారు. నేను మళ్లీ ఒకసారి అడుగుతాను. ఆ రోజు అప్ప బల్ల దగ్గర నాకు అడగాల్సిన పని కూడా లేదు. తెలుసు.