గొట్టంలో జానెడు

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాసే విద్యాసాగర్ లాక్‌డౌన్‌లో పాతకాలపు తుపాకి కిట్ తెప్పించి, నెలల తరబడి అరగదీసి బిగించాడు. ఎందుకని అడగొద్దు. గొట్టం మూతిలోంచి మందుగుండు కూరే రకం. చలికాలమంతా దాన్ని ఇంటి కిందున్న చల్లటి కెల్లర్‌లో నిలబెట్టాడు.

2021 మేలో షూటింగ్ క్లబ్ తెరిచారు. తుపాకి ఖాళీయేనని చూపడానికి గొట్టంలోకి ఊచ దించాడు. అడుగుకి జానెడు పైనే ఆగిపోయింది. అందరూ వెనక్కి జరిగారు.

"లోపల మందుందా?" అన్నాడు క్లబ్ పెద్దాయన.

మందు ఇంకా కొననే లేదు. మరి కూరిందెవరు? నిద్రలో తనే కూరాడా? విద్యాసాగర్‌కి తన మీదే అనుమానం వచ్చింది.

పెద్దాయన గొట్టంలో వేడినీళ్లు పోయించాడు. కాసేపటికి కరిగిన నూనె పైకి తేలింది. చూద్దామని వెంట వచ్చిన భార్య గీతిక వంగి వాసన పీల్చింది.

"తుప్పు పట్టొద్దని నా కొబ్బరినూనె పోసినవా? బాటిల్ ఏదంటే తెల్వదన్నవ్ గదా."